కళ్ళెం సడలిన నిమిషాలు

గత చలికాలంలో మా దగ్గరి బంధువుల ఇంట వలీమా విందుకు వెళ్ళాము. దస్తర్‌ఖాన్ పరిచి రెండో పంక్తి వడ్డన మొదలుపెట్టిన వేళ లోపలి గదిలో నుండి కేకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే ఆరేళ్ళ పిల్లవాడు నేల మీద పడి ఉన్నాడు. కనుగుడ్లు పైకి తేలిపోయాయి, పళ్ళు బిగుసుకుపోయాయి, కాళ్ళూ చేతులూ ఒకే తీరున కొట్టుకుంటున్నాయి. ఒకరు బీరువా తాళాల గుత్తి తెచ్చి అతని గుప్పిట్లో పెట్టారు. ఒకరు ఉల్లిపాయ చితకగొట్టి ముక్కు దగ్గర పట్టారు. మరొకరు పళ్ళ మధ్య చెంచా దూర్చబోతే మేమే చెయ్యి పట్టుకుని ఆపవలసి వచ్చింది. పిల్లవాడి నానీ పక్కనే చతికిలబడి గుండెలు బాదుకుంటోంది. చివరికి ఎవరో కారు తెచ్చారు.

ఆస్పత్రిలో సూదిమందు ఇచ్చాక పిల్లవాడు కుదుటపడ్డాడు. అప్పుడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “మొదలై ఎంతసేపయింది?” ఒకరు రెండు నిమిషాలన్నారు, ఒకరు అరగంట అన్నారు. గదిలో పాతికమంది పెద్దవాళ్ళం ఉన్నాము. గోడకు గడియారం ఉంది, మా చేతికీ ఉంది. ఒక్కరమూ చూడలేదు.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. నిమిషాల లెక్కకు అంత విలువ ఎందుకు? అయిదు నిమిషాలకూ అరగంటకూ మధ్య మెదడులో మారేది ఏమిటి? దీనికి జవాబు వెతుకుతూ పోతే అది మూర్ఛ దగ్గర ఆగలేదు. బిడ్డ ఏడుపుకు తల్లి ఎలా మేల్కొంటుంది, నిద్రమాత్రలు కొంతకాలానికి ఎందుకు పనిచేయకుండా పోతాయి అన్న విషయాల దాకా వెళ్ళింది. ఈ నెల ఆ సంగతులే పాఠకులతో పంచుకుంటున్నాము.

మెదడు అనగానే మనకు ఆలోచించేది, ఆజ్ఞాపించేది, కదిలించేది అన్న భావమే కలుగుతుంది. దాని పనిలో చాలా భాగం ఆపడం అన్న సంగతి తట్టదు. మానవ మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక కణం మరొక కణంతో మాట్లాడే చోటును సినాప్స్ అంటారు. రెండు కణాలు ఒకదానికొకటి తగలవు, వాటి మధ్య సన్నని సందు ఉంటుంది. ఇటువైపు కణం ఒక రసాయనాన్ని విడుదల చేస్తే అది సందు దాటి అటువైపు కణం మీది గ్రాహకాలకు అంటుకుంటుంది. కొన్ని సినాప్స్‌లు “స్పందించు” అంటాయి, అవి ఉత్తేజక సినాప్స్‌లు. కొన్ని “ఆగు” అంటాయి, అవి నిరోధక సినాప్స్‌లు. మెదడు పైపొర అయిన వల్కలంలో దాదాపు ప్రతి అయిదు నాడీకణాల్లో ఒకటి ఈ ఆపే జాతికి చెందినది. సంఖ్యలో తక్కువే గాని, గుర్రం ఎంత పెద్దదైనా కళ్ళెం చిన్నదిగానే ఉంటుంది కదా.

నాడులకు ఆపే శక్తి కూడా ఉందని శాస్త్రజ్ఞులు నమ్మడానికి చాలా కాలం పట్టింది. 1845లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు కప్ప శరీరంలో మెదడు నుండి గుండెకు వెళ్ళే ఒక నాడిని విద్యుత్తుతో ప్రేరేపించారు. గుండె వేగం పెరగలేదు సరికదా, నెమ్మదించి ఆగిపోయింది. నాడిని ప్రేరేపిస్తే అవయవం పని మానేయడం అప్పటివారికి వింత. 1862లో రష్యా శాస్త్రజ్ఞుడు సెచెనోవ్ కప్ప మెదడు మధ్యభాగం మీద ఉప్పుకణిక ఉంచి చూశాడు. ఆమ్లంలో ముంచిన కాలిని వెనక్కు తీసుకోవడంలో కప్ప ఆలస్యం చేసింది. మెదడు వెన్నుపాముకు “ఆగు” అని చెప్పగలదన్నమాట.

ఈ “ఆగు” అనేది విద్యుత్ సంకేతమా, రసాయన సంకేతమా అన్న వివాదం ఆ తరువాత దశాబ్దాల పాటు నడిచింది. విద్యుత్తే అని గట్టిగా వాదించినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఎక్లిస్ ఒకరు. 1951లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ఆయనే తన సహచరులతో కలిసి పిల్లి వెన్నుపాములోని నాడీకణంలోకి సన్నని గాజు ఎలక్ట్రోడును దించి కొలిచాడు. కనిపించినది తన వాదానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. ఆయన ఏ సాకూ వెతకలేదు. అంతకాలం తాను పట్టుకు వేలాడిన సిద్ధాంతం తప్పని ఒప్పుకుని రసాయన పక్షంలో చేరిపోయాడు. 1963లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి కన్నా ఆ ఒప్పుకోలే మాకు ఎక్కువ నచ్చింది.

ఆ రసాయనం ఏమిటో అప్పటికే ఒకరి చేతిలో ఉంది, కాని దాని పని తెలియదు. 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్స్ చిట్టెలుకల మెదడులో గామా అమైనో బ్యూటిరిక్ ఆమ్లం మెండుగా ఉందని గుర్తించాడు. దాన్నే ఇప్పుడు అందరూ క్లుప్తంగా గాబా అంటున్నారు. ఎర్న్‌స్ట్ ఫ్లోరీ అనే మరొక శాస్త్రజ్ఞుడు పశువుల మెదడు నుండి తీసిన సారం నాడీకణాలను శాంతింపజేస్తున్నదని గమనించాడు. ఆ సారంలోని పదార్థం గాబాయే అని 1957లో తేలింది. మెదడులో “ఆగు” అనే మాటను ప్రధానంగా పలికేది ఇదే.

అది పనిచేసే తీరు సరళమైనది. గాబా వెళ్ళి గ్రాహకానికి అంటుకోగానే అటువైపు కణం గోడలో ఒక చిన్న ద్వారం తెరుచుకుంటుంది. ఆ ద్వారం గుండా క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. మనం తినే ఉప్పులో ఉండే క్లోరైడే. దానికి రుణావేశం ఉంటుంది కనుక కణం లోపలి వోల్టేజి మరింత రుణదిశకు జారుతుంది. ఉత్తేజక సంకేతాలు ఎన్ని వచ్చినా కణం అంత తేలికగా స్పందించదు.

ఇక మార్పు సంగతి. మనం ఏదైనా నేర్చుకున్నప్పుడు సినాప్స్‌లు బలపడతాయి లేదా బలహీనపడతాయి, ఆ మార్పు చాలాకాలం నిలుస్తుంది. ఈ గుణాన్ని సుఘట్యత అంటారు. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేలు మెదడులో దీనికి బలమైన రుజువు చూపారు. అయితే వారు చూపినది ఉత్తేజక సినాప్స్‌లలో. చాలాకాలం పరిశోధకుల దృష్టి అంతా వాటి మీదే నిలిచింది. నేర్చుకునేది గుర్రమే, కళ్ళెం మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే ఉంటుంది అన్నట్టుగా వ్యవహారం సాగింది.

1992లో మసనోబు కానో, ఆర్థర్ కొన్నెర్త్ మొదలైనవారు చిన్నమెదడులోని పుర్కింజె కణాలను పరీక్షిస్తూ ఒక విశేషం ప్రకటించారు. ఆ కణాలకు వచ్చే ఉత్తేజక నాడిని కొద్దిసేపు ప్రేరేపిస్తే, వాటి మీది నిరోధక సినాప్స్‌ల బలం పెరిగింది. ప్రేరణ ఆగిపోయాక కూడా ఆ బలం తగ్గకుండా నిలిచింది. కణం లోపల కాల్షియం పెరగడం అందుకు కారణం. అంటే కళ్ళెం కూడా బిగుస్తుంది, వదులవుతుంది, ఆ మార్పును నిలుపుకుంటుంది. ఆ తరువాత మెదడులోని అనేక ప్రాంతాల్లో ఇటువంటి మార్పులే కనబడ్డాయి.

మార్పు ఏ దారిన వస్తుంది? ఒక దారి గ్రాహకాల సంఖ్య. సినాప్స్ దగ్గర గ్రాహకాలను చెదరకుండా పట్టి ఉంచే మాంసకృత్తు ఒకటుంది, పేరు గెఫిరిన్. గ్రీకు భాషలో వంతెన అనే మాట నుండి ఆ పేరు పెట్టారు. ఈ వంతెన మీద ఎక్కువ గ్రాహకాలు నిలిస్తే “ఆగు” అన్న మాట గట్టిగా వినబడుతుంది, అవి జారిపోతే మాట వినబడదు. రెండో దారి ఇటువైపు కణం విడుదల చేసే గాబా మోతాదు. మూడోది మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. గాబా అంతే ఉంటుంది, గ్రాహకాలూ అన్నే ఉంటాయి, కాని కణం లోపలి క్లోరైడ్ మట్టం మారిపోతుంది. లోపలి క్లోరైడ్‌ను బయటికి తోడిపోసే పంపు వంటి మాంసకృత్తు ఒకటి కణం గోడలో ఉంది. అది మందగిస్తే లోపల క్లోరైడ్ పేరుకుంటుంది. అప్పుడు ద్వారం తెరిచినా బయటి నుండి లోపలికి వచ్చే క్లోరైడ్ తక్కువ, “ఆగు” అన్న మాటకు పదును ఉండదు. రెండు కణాలు ఒకే సమయంలో స్పందించే తీరును బట్టి ఈ పంపు వేగం మారుతుందని 2003లో ఒక పరిశోధక బృందం చూపింది.

పసికందుల మెదడు సంగతి దీనితోనే ముడిపడి ఉంది. ఈ పంపు ఇంకా సరిగా తయారుకాని వయసులో నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అప్పుడు గాబా ఆపడానికి బదులు ఉత్తేజపరుస్తుంది! అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల మెదడులో బెన్-అరి అనే శాస్త్రజ్ఞుడు 1989లో దీనిని చూపించాడు. ఎలుకల్లో పుట్టిన రెండో వారం ముగిసే సరికి ఇది తలకిందులై, గాబా ఆపే పనిలో కుదురుకుంటుంది. నవజాత శిశువులకు వచ్చే మూర్ఛలకు పెద్దవారి మందులు అంత బాగా పనిచేయకపోవడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు.

ఇప్పుడు తల్లి నిద్ర సంగతి. బాలింత ఉన్న ఇంట్లో రాత్రి గమనించండి. వీధిలో లారీలు పోతుంటాయి, ఫ్యాను కిరకిరలాడుతుంటుంది, పక్క గదిలో మామగారి దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. అవేవీ ఆమెను కదిలించవు. పక్కలో బిడ్డ చిన్నగా కుయ్యిమంటే చాలు, లేచి కూర్చుంటుంది. పక్కన పడుకున్న భర్తకు మెలకువ రాదు, తెల్లవారి “బిడ్డ రాత్రంతా హాయిగా పడుకున్నట్టుందే” అంటాడు. ఈ మాట మీద మా ఇంట్లో జరిగిన వాదనలను ఇక్కడ ప్రస్తావించడం క్షేమం కాదు.

మనుషుల మెదడులోకి ఎలక్ట్రోడు దించి చూడలేరు కాబట్టి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో బియాంకా జోన్స్ మార్లిన్, రాబర్ట్ ఫ్రోమ్‌కే, వారి సహచరులు చిట్టెలుకలతో ప్రయత్నించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గూటి నుండి జారిపడిన చిట్టెలుక పిల్ల మన చెవికి అందనంత సన్నని శబ్దంతో కేక పెడుతుంది. తల్లి ఎలుక పరుగున వచ్చి నోట కరిచి గూటికి చేరుస్తుంది. ఇంకా ఈనని ఆడ ఎలుక ఆ కేకను పట్టించుకోదు. దాని చెవికి వినబడక కాదు. మెదడులో ఆ కేకకు అర్థం ఏర్పడలేదు, అంతే.

శబ్దాలను గ్రహించే వల్కల భాగంలో వారు కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. తల్లి ఎలుకలో పిల్ల కేకకు ఉత్తేజక సంకేతం, నిరోధక సంకేతం రెండూ జోడెద్దుల్లా కలిసి వస్తున్నాయి. కేకలోని ఒక్కొక్క విరుపుకూ కణం సరిగ్గా ఆ క్షణంలోనే స్పందించి, మరుక్షణం సద్దుమణుగుతోంది. కనుక సంకేతం స్పష్టంగా ఉంది. ఈనని ఎలుకలో ఈ రెండూ పొంతన లేకుండా ఉన్నాయి. ఒకటి ఒక వేళ వస్తే మరొకటి వేరొక వేళ వస్తోంది, ఫలితంగా కేక ఒక గజిబిజి చప్పుడుగా మిగిలిపోతోంది.

కాన్పు సమయంలోనూ పాలిచ్చేటప్పుడూ విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోనును, ఈనని ఎలుక మెదడులో పిల్ల కేకలతో జతచేసి అందించారు. మొదట జరిగింది కళ్ళెం వదలడం. నిరోధం వేగంగా తగ్గిపోయింది, కణాలు ఆ కేకకు విచ్చలవిడిగా స్పందించాయి. అయితే కథ అక్కడ ఆగలేదు. తరువాతి గంటల్లో నిరోధక సినాప్స్‌లు తమను తాము సవరించుకుంటూ, కొత్తగా పెరిగిన ఉత్తేజానికి సరితూగే స్థాయికి వచ్చాయి. చివరికి ఆ ఎలుక మెదడులోని స్పందన తల్లి ఎలుక స్పందనలాగే కనబడింది. తల్లితో పాటు ఒకే గూట్లో ఉంచి ఆక్సిటోసిన్ అందించిన ఎలుకలు, పిల్లలను తెచ్చి గూట్లో చేర్చడం నేర్చుకున్నాయి కూడా. ఒకసారి నేర్చుకున్నాక ఆ పనికి ఆక్సిటోసిన్ అవసరం లేకపోయింది.

ఇదంతా ఎలుకల సంగతి. మానవ మాతృత్వాన్ని ఒక హార్మోనుకు కుదించడం మా ఉద్దేశం కాదు, ఆ శాస్త్రజ్ఞులూ అలా అనలేదు. అయితే ఇందులో ఒక క్రమం ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు కళ్ళెం ముందు సడలుతుంది. నేర్చిన తరువాత మళ్ళీ బిగుస్తుంది. ఆ రెండో అడుగు పడకపోతే నేర్చుకున్నది స్పష్టతకు రాదు. అంతకన్నా పెద్ద ప్రమాదం, కణాలు అదుపు లేకుండా ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకోవడం.

మందులు ఈ యంత్రాంగంలో చెయ్యి పెట్టినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2007లో జూలీ కావర్ బృందం ఎలుకలకు ఒకే ఒక్కసారి మార్ఫిన్ ఇచ్చి, 24 గంటల తరువాత మెదడులో సుఖానుభూతికి సంబంధించిన ప్రాంతాన్ని పరీక్షించింది. అక్కడ నిరోధక సినాప్స్‌లు బలపడే గుణం స్తంభించిపోయి ఉంది. మందు ప్రభావం ఒంట్లో నుండి పోయినా, కళ్ళెం బిగించుకునే నేర్పు తిరిగి రాలేదు. “ఒక్కసారికేమవుతుంది” అని యువకులు అనే మాటకు ఈ ప్రయోగాన్ని మించిన జవాబు మాకు దొరకలేదు.

ఇళ్ళలో మరింత సాధారణంగా కనబడేది నిద్రమాత్రలు. ఆల్‌ప్రాజోలం, డయాజిపాం వంటివి గాబా గ్రాహకానికే అంటుకుని, గాబా పలికే “ఆగు” అన్న మాటను బిగ్గరగా వినిపిస్తాయి. నెలల తరబడి అలా అరిపిస్తే మెదడు ఊరుకోదు, ఆ గొంతుకు అలవాటుపడి తన వైపు నుండి సర్దుబాటు చేసుకుంటుంది. అప్పుడు పాత మోతాదు చాలదు. పైగా మాత్ర ఒక్కసారిగా మానేస్తే, సడలిన కళ్ళెంతో మెదడు మిగిలిపోతుంది: వణుకు, భ్రాంతులు, కొందరిలో మూర్ఛలు. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో ఇది జనం కళ్ళ ముందే జరిగింది. ఇటువంటి మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు, అధికారుల దాడులతో అది ఒక్కసారిగా దొరకకుండా పోయేసరికి వింత ప్రవర్తనతో, మూర్ఛలతో ఆస్పత్రులపాలయ్యారు. మన ఇళ్ళలో కల్లు ముట్టనివారు కూడా, డాక్టరు ఎప్పుడో వారం రోజులకు రాసిన చీటీ మీద ఏళ్ళ తరబడి ఆ మాత్రలు తెప్పించుకోవడం మేము చూశాము. అటువంటివారు ఈ వ్యాసం చదివి రేపే మాత్ర పారేయకూడదు. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఇక ఆ పిల్లవాడి దగ్గరికి, డాక్టరు ప్రశ్న దగ్గరికి వద్దాము. మూర్ఛ అంటే అసంఖ్యాకమైన నాడీకణాలు కళ్ళెం తెంచుకుని ఒకేసారి స్పందించడం. మామూలుగా మెదడే దాన్ని ఒకటి రెండు నిమిషాల్లో అణచివేస్తుంది. అణచలేకపోతే ఏమవుతుందో ఎలుకల్లో పరీక్షించారు. మూర్ఛ కొనసాగుతున్నకొద్దీ సినాప్స్ దగ్గరి గాబా గ్రాహకాలు కణం లోపలికి లాక్కోబడుతున్నాయి. గంట గడిచేసరికి పనిచేసే గ్రాహకాలు సుమారు సగానికి పడిపోయాయని 2005లో క్లాడ్ వాస్టర్లేన్ బృందం ప్రకటించింది. అంతకు ముందు, 1997లో, కపూర్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 45 నిమిషాల మూర్ఛ తరువాత డయాజిపాం జాతి మందులకు కణాల స్పందన బాగా తగ్గిపోయిందని చూపారు. మూర్ఛను ఆపడానికి మొదట వాడేవి ఆ మందులే. అవి అంటుకోవలసిన గ్రాహకమే గోడ మీద లేకపోతే అవి ఎక్కడ పనిచేస్తాయి? మొదటి నిమిషాల్లో చిన్న మోతాదుతో లొంగే మూర్ఛ, ఆలస్యమైనకొద్దీ మొండికేయడంలోని రహస్యం ఇదే.

అందుకే మూర్ఛ వ్యాధిపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2015లో గీత గీసింది. ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ 5 నిమిషాలు దాటితే అది తనంతట ఆగుతుందని ఎదురుచూడకూడదు, అత్యవసర చికిత్స మొదలుపెట్టాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత హాని కలిగే ప్రమాదం ఉంది.

మా వలీమా ఇంట్లో తాళాల గుత్తి మీద, ఉల్లిపాయ మీద గడిచిపోయినవి ఆ నిమిషాలే. ఇనుము పట్టించగానే ఫిట్స్ తగ్గింది అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. చాలా మూర్ఛలు రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి, ఆ పేరు చేతిలో ఉన్న తాళాలకు దక్కుతుంది. ఆగని ఒక్కసారి మాత్రం బిడ్డ మూల్యం చెల్లిస్తాడు. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ తాయెత్తు కోసం తిరుగుతూ మందు ఆలస్యం చేయడం కూడా ఇటువంటిదే. మూర్ఛ మెదడు జబ్బు, దానికి మందు ఉంది. ఎక్కువమందిలో మందులతో అదుపులో ఉంటుంది.

చేయవలసినవి కొన్నే. పిల్లవాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోటిలోని ఉమ్మి బయటికి పోవడానికి. గొంతు దగ్గర బొత్తాలు వదులు చేయాలి, తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి, తగిలి దెబ్బలు తినే వస్తువులు దూరం జరపాలి. నోటిలో ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా. కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. మొదలైన క్షణమే గడియారం చూడాలి. మొదటిసారి వచ్చినా, 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఇంతకు ముందే మూర్ఛ ఉన్న పిల్లలకు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రేను డాక్టర్లు రాసిస్తున్నారు. ఎప్పుడు, ఎంత వాడాలో ముందే అడిగి తెలుసుకుని, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి. బీరువా లోపల తాళం వేసి దాచితే ప్రయోజనం లేదు.

ఆ పిల్లవాడికి పరీక్షలు చేసి మూర్ఛ వ్యాధి అని తేల్చారు. రోజూ మందు వాడుతున్నాడు, బడికి వెళుతున్నాడు. నాలుగు నెలలకు మరొకసారి వచ్చింది, తెల్లవారుజామున. నానీ అలవాటు కొద్దీ తాళాల కోసం లేచిందట. తల్లి పిల్లవాడిని పక్కకు తిప్పి, స్ప్రే చేతిలో పట్టుకుని, గోడ వైపే చూస్తూ కూర్చుంది. స్ప్రే వాడవలసిన అవసరం రాలేదు. మరునాడు డాక్టరు అదే ప్రశ్న అడిగినప్పుడు ఆమె కాగితం చూడకుండానే చెప్పింది: మూడు నిమిషాల నలభై సెకన్లు.